వెలిసిపోతున్న వెండితెర

1939లో వచ్చిన ‘ద విజర్డ్ ఆఫ్ ఓజ్’, 2024లో వచ్చిన ‘వికెడ్’ – రెండూ ఒకే మాయాలోకంలో జరిగే కథలు. రెంటిలోంచీ పట్టపగలు జరిగే సన్నివేశం ఒక్కొక్కటి తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. పాతదాంట్లో ఇటుకల బాట పసుపు ముద్దలా ఉంటుంది. కొత్తదాంట్లో సెట్లు ఇంకా ఘనమైనవి. తులిప్ తోటల కోసం 90 లక్షల మొక్కలు నిజంగానే నాటించారు. కాని తెర మీద చూస్తే ఆ తోటల మీద పల్చటి మజ్జిగ పోసినట్టుంటుంది. దీని మీద గొడవ జరిగినప్పుడు దర్శకుడు జాన్ చూ సంజాయిషీ ఇచ్చాడు. ఓజ్ నిజమైన చోటులా ఉండాలి, కలలా కనిపిస్తే ఆ ఇద్దరమ్మాయిల మధ్య జరిగేది కూడా ఉత్తుత్తిదే అనిపిస్తుంది అన్నది ఆయన వాదన.

నిజంగా కనిపించాలంటే రంగు ఎందుకు తగ్గాలి? మా ఇంటి కిటికీలోంచి చూస్తే నిజం బాగానే రంగురంగులుగా ఉంది.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది విచిత్రంగా తోచాలి. కెమెరాలో పిక్సెళ్ళు పెరిగాయి, బిట్లు పెరిగాయి, కంప్యూటర్లకి లోటు లేదు. ఇన్‌పుట్ మెరుగైంది, పైప్‌లైను మెరుగైంది, ఔట్‌పుట్ మాత్రం చప్పబడింది. ‘డిజిటల్ కదండీ, అంతే’ అని తేల్చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది సరి కాదు. మంచి డిజిటల్ కెమెరా పట్టుకోగలిగే రంగులు తక్కువేం కాదు. నాకు తోచినంతవరకూ జబ్బు మరోచోట ఉంది. మనకి తెలిసిన మాటల్లో చెప్పాలంటే, సినిమా ఎర్లీ బైండింగు నుంచి లేట్ బైండింగుకి మారింది.

ముందుగా పాత పద్ధతి చూద్దాం. 1932లో వాడకంలోకి వచ్చిన టెక్నికలర్ కెమెరాలో ఒకటి కాదు, మూడు ఫిల్ములు ఒకేసారి తిరిగేవి. లెన్సు వెనక ఉన్న పట్టకం కాంతిని చీల్చి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాల్ని వేరువేరు నలుపు-తెలుపు నెగటివుల మీద పడేలా చేసేది. తర్వాత లాబ్‌లో ఆ మూడింటినుంచీ మూడు అచ్చులు తీసి, ఒక్కో అచ్చుకీ ఒక్కో రంగు పట్టించి, ఒకదాని మీద ఒకటి అద్దేవారు. మన బందరు కలంకారీలో రంగుకో అచ్చు ఉన్నట్టే అన్నమాట. ఈ తతంగానికి వెలుతురు విపరీతంగా కావాలి. సెట్టు మీద ఆ దీపాల వేడికి నటులు ఉడికిపోయేవారు. కెమెరా అద్దెకిచ్చే టెక్నికలర్ కంపెనీయే రంగుల సలహాదారుని కూడా పంపేది. నటలీ కాల్మస్ అన్నావిడ పేరు ఆ కాలపు రంగుల సినిమాల టైటిల్సులో తరచుగా కనిపిస్తుంది. స్క్రిప్టు చదివి, ఏ సన్నివేశంలో ఏ రంగులుండాలో చార్టు వేసివ్వడం ఆవిడ పని. చాలామంది దర్శకులకి ఆవిడంటే పడేది కాదు, అది వేరే కథ.

డొరతీ వేసుకున్న చెప్పులు మూలకథలో వెండివి. రంగుల సినిమా తీస్తూ వెండి చెప్పులేమిటని వాటిని కెంపు రంగులోకి మార్చారు. ఈ నిర్ణయం కెమెరా తిరగక ముందే జరిగిపోయింది. చెప్పులు ఎర్రగా కుట్టించారు, బాటకి పసుపు వేశారు, వాటికి తగ్గ దీపాలు పెట్టారు. తర్వాత చూసుకుందామంటే కుదిరే పని కాదు. లాబ్‌లో ప్రింటు తీసేటప్పుడు మొత్తం ఫ్రేములో ఎరుపో, నీలమో కాస్త హెచ్చించడం, తగ్గించడం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు.

ఫిల్ము రోజుల్లో కూడా రంగు తగ్గించిన సినిమాలు లేకపోలేదు. లాబ్‌లో బ్లీచ్ దశని దాటేసి, ఫిల్ములో వెండిని ఉంచేస్తే రంగు పాలిపోతుంది. రోజర్ డీకిన్స్ ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ (1984)లో చేసింది అదే. కాని అందులో ఒక కిటుకుంది. ఆ మిగిలిపోయిన వెండి వల్ల నలుపు మరింత నల్లబడుతుంది, కాంట్రాస్టు పెరుగుతుంది. రంగు తగ్గింది కాని బొమ్మకి పదును వచ్చింది. ఇప్పటి సినిమాల్లో రంగూ తగ్గుతోంది, పదునూ తగ్గుతోంది. ‘పాతవాళ్ళూ రంగు తీసేశారుగా’ అనేవాళ్ళు ఈ తేడా గమనించరు.

2000లో అదే డీకిన్స్ చేతి మీదుగానే ఇంకో మార్పు వచ్చింది. కోయెన్ సోదరుల ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ షూటింగు మిసిసిపీలో, చెట్టూ చేమా ఏపుగా పచ్చగా ఉన్న కాలంలో జరిగింది. తెర మీద మాత్రం దుమ్ముకొట్టుకుపోయిన 1930ల నాటి ఎండిన నేల కనబడాలి. లాబ్ పద్ధతులతో లాభం లేకపోయేసరికి నెగటివు మొత్తాన్ని స్కాన్ చేయించి, కంప్యూటరులో ఆకుపచ్చలన్నిటినీ ఏరి ఎండుగడ్డి రంగులోకి మార్పించాడు. ఆద్యంతం ఇలా కంప్యూటరులో రంగు దిద్దుకున్న తొలి హాలీవుడ్ సినిమాగా దాన్నే చెబుతారు. దీనినే మన తెలుగు సినిమావాళ్ళు డీఐ అంటున్నారు. ఒక్కటి గమనించండి. డీకిన్స్‌కి ఏం కావాలో షూటింగుకి ముందే తెలుసు. కంప్యూటరు ఆ పని చేసిపెట్టిందంతే. తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు దీన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు: ఏం కావాలో తర్వాత ఆలోచించుకోవచ్చు అని.

ఇక్కడ కొంచెం బిట్ల లెక్క చెప్పుకోవాలి. కెమెరా భాషలో వెలుతురు రెట్టింపయితే ఒక స్టాపు పెరిగినట్టు. సెన్సరు ఇచ్చే విలువ వెలుతురుతో పాటు సమంగా పెరుగుతుంది. 12 బిట్లలో 4096 విలువలున్నాయనుకోండి. అన్నిటికన్నా పైనున్న ఒక్క స్టాపే వాటిలో 2048ని మింగేస్తుంది. దాని కిందిదానికి 1024, ఆ కిందిదానికి 512. ఇలా దిగుతూపోతే పదో స్టాపుకి 4, పదకొండోదానికి 2 మిగులుతాయి. నీడలు ఉండేది అక్కడే, మన కన్ను చిన్న తేడాని కూడా పట్టుకునేది అక్కడే. అంచేత లాగరిథమ్ తీసి దాచుకుంటారు. ఫిల్ము స్కానింగు కోసం కొడాక్ 1990లలో తెచ్చిన సినియాన్, 2010లో వచ్చిన ఆరీ అలెక్సా కెమెరాలోని లాగ్-సి, అన్నీ ఈ కోవకి చెందినవే. 14 స్టాపుల్ని 10 బిట్లలో, అంటే 1024 విలువల్లో సమానంగా పంచితే స్టాపుకి 73 వస్తాయి. అందరికీ న్యాయం జరిగినట్టే.

కాని ఆ ఫైలుని ఉన్నదున్నట్టు తెర మీద వేస్తే విబూది రాసినట్టుంటుంది. లాగ్-సిలో నలుపు సున్నా దగ్గర ఉండదు, 95 దగ్గర ఉంటుంది. నలుపు నల్లగా ఉండదు, తెలుపు తెల్లగా ఉండదు, మధ్యలో అంతా బూడిద. ఆరీ కంపెనీ నమూనా ఫుటేజీని వెబ్‌సైటులో పెడుతుంది, కావాలంటే దించుకుని చూడండి. ఇందులో తప్పేమీ లేదు. అది దాచుకునే పద్ధతే కాని, చూపించే పద్ధతి కాదు. చూడడానికి దాని మీద ఒక లట్ తగిలిస్తారు, అంటే మన లుకప్ టేబులే. దర్శకులు, ఎడిటర్లు నెలల తరబడి ఆ బూడిద బొమ్మని చూసిచూసి అలవాటు పడిపోయారని, అందుకే సినిమాలు అలా వస్తున్నాయని ఒక వాదన ఉంది. డేటాబేసు టేబుల్నే ప్రింటు తీసి ‘ఇదే రిపోర్టు’ అన్నట్టు. నాకది సగమే నిజమనిపిస్తుంది. ఎడిటింగు గదిలో కూడా సాధారణంగా లట్ వేసే చూస్తారు.

మిగతా సగం లైటింగులో ఉంది. కెమెరా 14 స్టాపులు పట్టుకుంటుందని, వెలుతురు కాస్త తక్కువైనా సర్దుకుంటుందని తెలిశాక, సెట్టు మీద తెగించి ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి పెట్టాల్సిన అవసరం తగ్గింది. అంతటా మెత్తగా, సమంగా వెలుతురు పరిస్తే తర్వాత ఎటు కావాలంటే అటు మార్చుకోవచ్చు అన్నది ధీమా. నిజానికి మార్చలేం. రంగు మార్చొచ్చు, చీకటి చేయొచ్చు, మొహం వరకూ కాస్త వెలిగించొచ్చు. కాని నీడ ఎటు పడాలన్నది డీఐలో తేల్చే విషయం కాదు. ముక్కు నీడ చెంప మీద పడకపోతే ఆ మొహానికి లోతు రాదు. దానికి ఎంత రంగు పూసినా గోడకి పూసినట్టే.

ఇక గ్రాఫిక్స్ సంగతి. గ్రాఫిక్స్ షాటంటే అతుకుల బొంత. హీరోని పచ్చగుడ్డ ముందు తీస్తారు. వెనక కోట ఒక కంపెనీ చేస్తుంది, ఆకాశం ఎక్కడినుంచో వస్తుంది, పొగ, దుమ్ము ఇంకొకరు చేస్తారు. పచ్చగుడ్డ ముందు హీరోకి లైటింగు చేసే రోజుకి ఆ కోట ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. పొద్దున్నా, సాయంత్రమా? సూర్యుడు ఎడమ పక్కా, కుడి పక్కా? తెలియదు కనక అన్ని వైపులనుంచీ సమంగా వెలుతురు కొడతారు. ఆర్నెల్ల తర్వాత వెనక కోట పెట్టేవాడికి వేరే దారి లేదు. హీరో మీద ఎండ లేదు కాబట్టి కోట మీదా ఎండ ఉండకూడదు. సూర్యుణ్ణి ఎటు పెట్టాలో తేలనప్పుడు ఆకాశానికి మబ్బు పట్టించడమే క్షేమం. అందుకే మహా యుద్ధాలన్నీ ముసురు పట్టిన రోజునే జరుగుతుంటాయి.

దీని మీద ఇంకో పూత కూడా వేస్తారు, అది రంగు తగ్గించడం. ఇది ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కలో చూడొచ్చు. ఒక పిక్సెల్లో రంగు తగ్గించడమంటే దాన్ని దాని సొంత బూడిద విలువ వైపు లాగడమే. ఆ బూడిద విలువ కట్టడానికి హెచ్‌డీ టీవీ ప్రమాణంలో ఎరుపుకి 0.2126, ఆకుపచ్చకి 0.7152, నీలానికి 0.0722 తూకాలు. నిజం నటుడి చెంప మీది పిక్సెల్ (200, 100, 80) అనుకుందాం. కంప్యూటరులో చేసిన అతని డూపు చెంప అదే చోట (200, 90, 110) వచ్చింది. నీలంలో 30 తేడా. కంటికి ఇట్టే తెలిసిపోతుంది. మొదటిదాని బూడిద విలువ 120, రెండోదానిది 115. రెంటిలోనూ రంగుని సగానికి తగ్గిస్తే మొదటిది (160, 110, 100), రెండోది (158, 103, 113) అవుతాయి. నీలంలో తేడా 30 నుంచి 13కి పడిపోయింది. ఎవరూ ఏ తప్పూ దిద్దలేదు, తప్పు కనిపించకుండా పోయింది! నలుపుని కాస్త పైకెత్తి, పైన దుమ్మో, పొగమంచో కలిపితే మిగిలిన తేడాలూ మాయం.

నా దృష్టిలో ఈ చప్పదనం ఒక్క అభిరుచి వ్యవహారం మాత్రమే కాదు. చాలా చోట్ల అది అతుకుల మీద కొట్టిన సున్నం.

గ్రాఫిక్స్ ఖరీదైన రోజుల్లో ఈ బాధ తక్కువ. ‘జురాసిక్ పార్క్’ (1993)లో కంప్యూటరులో తయారైన డైనోసార్లు కనబడేది మొత్తం మీద 6 నిమిషాలు. మిగతావి స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన నిలువెత్తు బొమ్మలు. టీ-రెక్స్ కారు మీద పడే సన్నివేశం రాత్రి, వానలో జరుగుతుంది. ఆ చీకటీ వానా కూడా అతుకులు దాచేవే, కాదనను. అయితే అక్కడ వెలుగు ఎటు నుంచి వస్తోందో మనకి స్పష్టంగా తెలుస్తుంది, తడి చర్మం మీద మెరుపు కనబడుతుంది, నలుపు నల్లగా ఉంటుంది. ఇప్పుడు ఇద్దరు మనుషులు కాఫీ తాగుతూ మాట్లాడుకునే సీనులో కూడా కిటికీ బయట ఊరు గ్రాఫిక్సే, నోట్లోంచి వచ్చే చలి ఆవిరీ గ్రాఫిక్సే.

2019లో ‘ద మాండలోరియన్’ సీరియల్‌తో పేరుకెక్కిన ఎల్‌ఈడీ గోడలు దీనికి మందు అన్నారు. నటుల వెనక పచ్చగుడ్డకి బదులు పెద్ద తెర, దాని మీద కదిలే దృశ్యం. ఆ తెర వెలుతురే నటుల మీద పడుతుంది కాబట్టి అతుకు నప్పుతుంది. నాకిందులో నచ్చిన సంగతేమిటంటే, వెనకాల ఏముండాలో షూటింగు రోజుకి తేలిపోయి తీరాలి. అంటే మళ్ళీ ఎర్లీ బైండింగే. చిక్కేమిటంటే అంత వెడల్పాటి గోడనుంచి వచ్చే వెలుతురు మెత్తగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలా కత్తి అంచు లాంటి నీడ దానితో రాదు.

రంగు లేకపోవడమే చప్పదనం అనుకుంటే మన ‘మాయాబజార్’ (1957) ఏమైపోవాలి? కె.వి.రెడ్డి సినిమాకి మార్కస్ బార్ట్లీ కెమెరా. ద్వారక ఒక బొమ్మ నగరం. పడవ పాటలోని వెన్నెల అసలు వెన్నెల కాదు, బార్ట్లీ కల్పించిన వెన్నెల. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు నడిచిపోయే ట్రిక్కుకి ఇప్పటి పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. 2010లో హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ ఆ సినిమాకి కంప్యూటరులో రంగులద్ది విడుదల చేసింది. 53 ఏళ్ళ తర్వాత రంగు! ఇంతకన్నా లేట్ బైండింగు ఉండదు. అయినా బొమ్మ నిలబడింది. వెలుగు ఎటు, నీడ ఎటు అన్నది 1957లోనే తేలిపోయింది మరి. నాకు మాత్రం ఇప్పటికీ నలుపు-తెలుపు ప్రింటే ఇష్టం.

పొగమంచు కూడా నేరం కాదు. ‘గీతాంజలి’ (1989)లో పి.సి.శ్రీరామ్ చూపించిన ఊటీ నిండా పొగమంచే. కాని కిటికీలోంచి వచ్చే వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలుస్తూనే ఉంటుంది. ‘సలార్’ (2023) మొత్తం బొగ్గు రంగులో ఉంటుందని విమర్శ వచ్చింది. అది దర్శకుడు ప్రశాంత్ నీల్, ఛాయాగ్రాహకుడు భువన్ గౌడ ‘కేజీఎఫ్’ నుంచీ కావాలని ఎంచుకున్న పద్ధతి. నచ్చకపోవచ్చు గాని, అదొక నిర్ణయం. నా ఫిర్యాదల్లా ఆ సినిమాలు ఆడాయి కదా అని కథకి సంబంధం లేకుండా అదే మసి తెచ్చి పులుముకున్న వాటి మీదే. అదే సమయంలో ‘ఆర్.ఆర్.ఆర్’ (2022) కూడా వచ్చింది. అందులో నాటు నాటు పాటని 2021 ఆగస్టులో కీవ్ నగరంలోని మారిన్‌స్కీ భవనం ముందు, పట్టపగలు తీశారు. ఇంటర్వెల్ ముందు జంతువుల దాడి రాత్రి జరుగుతుంది, అంతా గ్రాఫిక్సే. అయినా కాగడాల వెలుగులో మనుషుల మొహాలు ఎర్రగా వెలుగుతుంటాయి. సెంథిల్ కుమార్ నిప్పుని నిప్పులాగే చూపించాడు.

గ్రాఫిక్స్ ఎక్కువైతే రంగు పోక తప్పదు అనేవాళ్ళకి నేను చూపించే సినిమా ‘మాడ్ మాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015). అందులో గ్రాఫిక్స్ షాట్లు సుమారు 2000. అయినా నారింజ ఇసుక, నీలి ఆకాశం కళ్ళు చెదిరేలా ఉంటాయి. అందులోని రాత్రి సన్నివేశాల్ని నమీబియా ఎడారిలో పగలే, మామూలుకన్నా ఎక్కువ వెలుతురు పట్టేలా తీసి, తర్వాత కంప్యూటరులో ముదురు నీలంలోకి దించారు. ఇదంతా డీఐ మహిమే. అయితే జార్జ్ మిల్లర్ స్క్రిప్టు బదులు ముందుగా 3500 బొమ్మలు గీయించుకున్నాడు. జాన్ సీల్ కెమెరా ముందుకి ఏ షాటు వచ్చినా దాని వెనక ఏముంటుందో అప్పటికే అందరికీ తెలుసు. పరికరాలు అవే, వాడిన వరస వేరు.

చీకటి గురించి ఒక్క మాట. 2019 ఏప్రిల్‌లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ యుద్ధం ఎపిసోడు ఏమీ కనబడలేదని లోకమంతా గోల పెడితే, మీ టీవీ సెట్టింగులు సరిగ్గా లేవని కెమెరామన్ జవాబిచ్చాడు. స్టూడియోలో లక్షల ఖరీదు చేసే మానిటరు మీద, చీకటి గదిలో ఒప్పుకున్న బొమ్మని, స్ట్రీమింగు కంప్రెషను నలిపేశాక, మనం ఎదురుగా ట్యూబులైటు పెట్టుకుని చూస్తాం. ‘నా మెషీనులో బాగానే పనిచేస్తోంది’ అన్న జవాబు మనకి కొత్తేం కాదు కదా!

ఈ వ్యవహారంలో నష్టపోయేది ప్రేక్షకుడొక్కడే అయితే నేనింత రాయకపోదును. గ్రాఫిక్స్ పనులు చాలావరకూ ఫిక్స్‌డ్ బిడ్ మీద నడుస్తాయి. మనలో కన్సల్టింగు చేసేవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు: ధర ముందే ఖాయం, రిక్వైర్మెంట్లు మాత్రం విడుదల వారం దాకా మారుతూనే ఉంటాయి. కోట ఎత్తు మారుతుంది, పగలు రాత్రవుతుంది, విలను కవచం మారుతుంది. ఆ మార్పులకి డబ్బు అడిగితే తర్వాతి సినిమా పని వేరేవాళ్ళకి పోతుంది. రిథమ్ అండ్ హ్యూస్ అనే కంపెనీకి హైదరాబాదులో, ముంబయిలో స్టూడియోలుండేవి. వాళ్ళు పులిని సృష్టించిన ‘లైఫ్ ఆఫ్ పై’కి 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, ఆ పండగకి కొద్ది రోజుల ముందే, కంపెనీ దివాలా తీసింది. వేదిక మీద ఆ మాట ఎత్తబోయేసరికి మైకు కట్టేశారు. నిరసనగా చాలామంది ఆర్టిస్టులు ఇంటర్నెట్లో తమ ఫోటోల బదులు ఖాళీ పచ్చ చతురస్రం పెట్టుకున్నారు. మా పని తీసేస్తే మీ తెర మీద మిగిలేది ఇదీ అని.

పదేళ్ళు గడిచినా పరిస్థితి పెద్దగా మారలేదు. 2023 సెప్టెంబరులో మార్వెల్ స్టూడియోస్‌లోని గ్రాఫిక్స్ ఉద్యోగులు యూనియన్ కావాలని ఓటు వేశారు. 1930లలో హాలీవుడ్‌కి రంగు నేర్పిన టెక్నికలర్ కంపెనీ పేరు చేతులు మారుతూ మారుతూ చివరికి ఎంపీసీ, ద మిల్ వంటి గ్రాఫిక్స్ స్టూడియోలున్న సంస్థకి చేరింది. ఆ సంస్థ 2025 ఫిబ్రవరిలో కూలిపోయింది. లండన్‌లోనే కాదు, బెంగుళూరు, ముంబయిలలో పనిచేసే మనవాళ్ళ ఉద్యోగాలు కూడా పోయాయి. వాళ్ళ చేతిలో సగంలో ఉన్న షాట్లని స్టూడియోలు హడావిడిగా వేరే కంపెనీలకి తరలించాయి. సగం ఒకరు, సగం ఇంకొకరు చేసిన షాటుకి అతుకులు ఇంకా ఎక్కువ. విడుదల తేదీ మాత్రం మారదు. అక్కడ కలరిస్టు చేతికి మొదట అందేది మళ్ళీ ఆ బూడిద పూతే.